గుండుకు లావెండరు

అప్పుడే గొరిగించుకున్న గుండుకు చందనం వద్దని లావెండరు నూనె పూసుకున్న మూర్ఖుడు ఏడుకొండల మీద నాకు ముందు ఎవరూ ఉండరు. నా తర్వాత కూడా ఉండకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇంట్లో పడుకుంటే నిద్ర వచ్చేది కాదు, ఆఫీసులో కూర్చుంటే ఆగేది కాదు. రెండుసార్లు ఫైలు మీద తల వాల్చి దొరికిపోయాను. మూడోసారి దొరికితే బంగారుపాళ్యం బదిలీ అని ఆఫీసరు చెప్పేశాడు. బంగారుపాళ్యం మీద నాకు కోపం లేదు, అక్కడి మామిడిపండ్లంటే ప్రాణం. కానీ మా ఆవిడకు తిరుపతి బడిలో అప్పుడే టీచరు ఉద్యోగం దొరికింది. నా కునుకుపాట్ల వల్ల కాపురం రెండు ఊళ్లపాలు కావడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని నాకు నిద్ర పట్టాలని వెంకన్నకు నా జుట్టు మొక్కేసింది. జుట్టును గాని, నన్ను గాని అడగలేదు.

మా సూపరింటెండెంటుకు దేవుడి మీద నమ్మకం ఉంది గాని, ఊటీ మీద ఇంకొంచెం ఎక్కువ. ఎప్పుడో ఊటీలో గడిపిన నాలుగు రోజుల గురించి నాలుగేళ్లుగా చెబుతూ ఉండేవాడు. నా బాధ విని బీరువాలోంచి ఒక నీలం సీసా తీశాడు.

"లావెండరప్పా ఇది. దొరలు దిండుకు రాసుకోని పండుకుంటారు. తలనొప్పికి ఇదే, గుడ్డలకు పురుగు పట్టకుండా ఇదే, గాయానికీ ఇదే. ఇంగ్లీషోళ్లు మనల్ని అన్నేండ్లు ఊరికే ఏలినారనుకుంటివా? సుఖంగా నిద్రపోయినారు కాబట్టి ఏలినారు."

"వాళ్లు నిద్రపోతా ఉంటే ఏలిందెవరు సార్?"

"మనట్లా గుమాస్తాలు," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

సీసా ఇంటికి తెచ్చి, ఆ గుణాలన్నీ మాతోనే ఉండే మా ఆవిడ వాళ్ల అవ్వకు అప్పజెప్పాను. ఆమె మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది.

"మంగలంగట్లో పౌడరు వాసనే కదా నాయనా ఇది. నువ్వు చెప్పినేటివన్నీ మన దవనం చెయ్యదా? నా పెట్టెలో చీరల మధ్య ఉండేది ఏందనుకున్నావు? నువ్వుల నూనెలో కాంచి తలకు పెడతా, గమ్మున పండుకో."

దవనమంటే కదంబం మాలలో కనకాంబరాల మధ్య కూర్చే ఆకు. సాయంత్రం పూలంగడికి పోతే మూరల లెక్కన దొరుకుతుంది. అంత సులభంగా దొరికేది మందెలా అవుతుందని నా చదువు నన్ను అడిగింది. నేను చదువు మాటే విన్నాను.

మొక్కు తీర్చుకునే రోజు కొండ మీద కల్యాణకట్టలో గుండు అయింది. కత్తి రెండుచోట్ల గీసుకుంది. బయట మా ఆవిడ చందనం గిన్నెతో నిలబడి ఉంది. "ఉండు, గాయానికి దీన్ని మించింది లేదు," అని జేబులోంచి సీసా తీసి ఉన్నదంతా గుండు మీద వంచేశాను. మొదట చల్లగా తగిలింది. దర్శనం వరుసలో నిలబడేసరికి ఎండా, నూనె, కత్తిగాట్లు ముగ్గురూ మాట్లాడుకుని ఒక్కటయ్యారు. తట్టుకోలేక "గోవిందా" అని అరిచాను. వెనకున్నవాళ్లు అది భక్తి అనుకొని గొంతు కలిపారు. ఆ పూట వరుసలో అంత గట్టిగా గోవిందనామం పలికించిన పుణ్యం నాదే.

ఇల్లు చేరేసరికి తల నిండా ఎర్రగా దద్దుర్లు. "తలకాయా, మోదుగుపువ్వా ఇది?" అని అవ్వ తల కడిగి చందనం పట్టించింది. దద్దుర్లు తగ్గాక, అడగకుండానే, దవనం నూనె తెచ్చి అరచేత్తో మెల్లగా మర్దన చేసింది. ఆ రోజు పడుకున్నవాణ్ణి తెల్లారి పాలవాడి కేకతో గాని లేవలేదు. అది దవనం మహిమో, వెంకన్న దయో, అవ్వ చేతి చలవో నాకు తెలియదు. ఆమె మాత్రం ప్రతి సాయంత్రం మర్దన మానలేదు, నేను ఆఫీసులో తూగడం మానేశాను. ఆఫీసరు నెలరోజులు చూసి బదిలీ మాట మరిచిపోయాడు.

సూపరింటెండెంటుకు గుండు కథ చెబితే నా తల వంక పరీక్షగా చూశాడు.

"మందు మీద నింద వెయ్యబాకప్పా. లావెండరు మంచిదే. నీది నాటు తల."

దద్దుర్లు వారంలో మానాయి. ఆ మాట మానలేదు. ఖాళీ అయిన నీలం సీసాను సీకాయతో కడిగి, అవ్వ కాచిన దవనం నూనె నింపి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఊటీ నుంచి తెలిసినాయన తెచ్చినాడు సార్. మొదటి రకమంట. మీ సీసాలోనే పోసినాను."

ఆయన రుమాలుకు రాసుకుని, కళ్లు మూసుకుని, నిండా పీల్చాడు. "ఇదీ లావెండరంటే. వాసన తెలిసినోడి ముక్కుకే ఇది తెలిసేది. నీ తలకు పెట్టింది రెండో రకం అయి ఉంటాది."

ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం ఆయన కుర్చీ వెనక గోడకున్న దేవుడి పటానికి దవనం దండిగా కూర్చిన కదంబం మూర నేనే తెచ్చి వేసేవాణ్ణి. వేసిన ప్రతిసారీ ఆయన ముక్కు ఎగబీల్చేవాడు.

"నీ గుండుకు లావెండరు వాసన ఇంగా పోలేదప్పా."

"పోదు సార్, అసలుది కదా," అనేవాణ్ణి, దండ సర్దుతూ.