రేవు పక్కన బంతాట

మా రోజుల్లో రాజమండ్రిలో ఫుట్‌బాలు ఆడటానికి మాకు దొరికిన చోటు స్నానాల రేవుకు ఆనుకుని ఉన్న ఇసుక మేట. పరిగెడితే కాళ్లు కూరుకుపోయేవి. గట్టిగా తంతే బంతి గోదావరిలో పడేది. ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నవ్వుతారు. నవ్వనీయండి! అంత మంచి చోటు నాకు మళ్లీ దొరకలేదు. అక్కడైతే మా అక్కయ్య నా ఆట చూసేది.

అక్కయ్య కాపురానికి వెళ్లకుండానే భర్తను పోగొట్టుకుంది. తల తీయించి, తెల్లపంచె కట్టించి వంటింట్లో కూర్చోబెట్టారు. ఆమె గడప దాటేది పొద్దున్నే గోదావరి స్నానానికి మాత్రమే. సెలవు రోజుల్లో మేము ఆడేదీ ఆ వేళకే.

ఒకనాడు నేను తన్నిన బంతి వెళ్లి, తడిబట్టలతో మెట్లెక్కుతున్న ఆమెకు తగిలింది. తోలుబంతి కదా, మడి పోయింది. మళ్లీ మునగక తప్పదు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటే అక్కయ్యా, బంతి వస్తుంటే తప్పుకోలేవా?"

"తప్పుకుంటే ఇంటికి పోవాలి కదరా. ఇంకో మునక వేస్తే ఇంకాసేపు చూడొచ్చు," అంది నవ్వుతూ.

ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! ఇక అప్పటినుంచి బంతి వచ్చే వైపే నిలబడేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పప్పు రుబ్బుతూ, "ఎదురుగా ఎవరూ లేకపోయినా గోలు కొట్టలేకపోయావు, నువ్వూ నీ ఆటానూ!" అని వెక్కిరించేది.

మార్గశిరం చలిలో ఆమె ఆలస్యంగా, వణుకుతూ రావడం నాన్నగారి కంటపడింది. అడిగితే బంతి తగిలిందంది. కోపిష్టి మనిషే గానీ కూతురంటే ప్రాణం. తిన్నగా, మా చేత ఆ ఆట ఆడిస్తున్న మా బడి హెడ్మాస్టరు గారి దగ్గరికి బయలుదేరారు. నేను నిజం చెప్పబోతే, తలుపు చాటునుంచి అక్కయ్య వద్దని సైగ చేసింది.

"ఆట చూస్తున్నానని తెలిస్తే రేవుకే పంపరురా. నూతి దగ్గరే పోసుకోమంటారు," అంది తరువాత.

"రెండేసి స్నానాలతో మా పిల్లకు జబ్బు చేస్తుందండి. ఆ ఆట ఇంకెక్కడైనా పెట్టించండి, మీకు పుణ్యముంటుంది," అని నాన్నగారు హెడ్మాస్టరు గారిని బతిమాలారట.

ఆట స్టేషను అవతలి మైదానానికి మారింది. చదునైన నేల, పచ్చిక, దొరలకు కుర్చీలు. ఊళ్లో మగాళ్లంతా వచ్చేవారు. నేను గోలు కొడితే ఒకటే ఈలలు, చప్పట్లు. ఏం లాభం! అటువైపు గోదావరి లేదు. గోదావరి లేని చోటికి అక్కయ్యకు వెళ్లే పని లేదు.

మొదట్లో ఇంటికి రాగానే ఆటంతా చెప్పేవాణ్ణి. "ఊఁ, తరువాత?" అనేది. కొన్నాళ్లకు, "అన్నం చల్లారిపోతోంది, తినరా," అనేసింది. నేనూ చెప్పడం మానేశాను.

"ఇప్పుడు సుఖంగా ఉందా అమ్మా, ఆ పాడు బంతి గోల లేకుండా?" అని ఒకరోజు నాన్నగారు ఆప్యాయంగా అడిగారు.

అక్కయ్య తల ఎత్తకుండానే, "సుఖంగానే ఉంది నాన్నగారూ," అంది.

పోయేదాకా ఆయన, తన కూతురికి చేయగలిగిన మేలు అదొక్కటేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని కళ్లు తుడుచుకునేవారు. అక్కయ్య వాళ్లకు మజ్జిగ ఇచ్చి, లోపలికి వెళ్లిపోయేది.