నాది కాని సంతకం

ఒకే పార్టీ ఏలే దేశాల్లోనూ ఎన్నికలు జరుగుతాయని, బ్యాలెట్ మీద ఒక్క పేరే ఉంటుందని ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం క్లాసులో చెప్పాను. పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. మార్టూరు అవతల మా ఊళ్ళో సర్పంచి పదవికి ఓట్లు పడి ఎన్నేళ్ళయిందో మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు.

మా ఊరి పెద్దమనిషి ఎవరి పేరు చెబితే వాళ్ళే సర్పంచి. దాన్ని ఏకగ్రీవమని గొప్పగా చెప్పుకుంటాం. పోయిన ఎన్నికల్లో పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఆయన తన పాలేరు భార్య పేరు చెప్పాడు. అయితే మిరపకాయల కోతకు ఆడవాళ్ళ ముఠాను తీసుకెళ్ళే ఒకామె, నా పాత విద్యార్థిని, తానూ నామినేషన్ వేస్తానంది. ప్రతిపాదిస్తూ సంతకం పెట్టడానికి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. నా దగ్గరికొచ్చింది. రిటైరైనవాణ్ణి, నన్నెవరేం చేస్తారని దర్జాగా పెట్టేశాను.

ఆ సాయంత్రమే పెద్దమనిషి మా ఇంటికొచ్చి కాఫీ తాగాడు. బెదిరించలేదు. నా ఆరోగ్యం అడిగాడు, మనవరాలి చదువు అడిగాడు.

"శనివారం కాలువ నీళ్ళు మీ చేలోకొచ్చే వంతు కదా మాస్టారూ. లస్కరుకి నేను చెప్తాలే," అన్నాడు లేస్తూ.

మిరప పూత మీద ఉంది, లస్కరు తూము తిప్పకపోతే ఆ తడి దక్కదు. ఆ మాటకు అర్థమేమిటో మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మర్నాడు ఆయన మనిషి వచ్చి, నామినేషన్ల పరిశీలనలో ఆ సంతకం నాది కాదంటే సరిపోతుందని చెప్పి వెళ్ళాడు.

పంచాయతీ ఆఫీసులో ఎన్నికల అధికారి ఆమె ఎదుటే కాగితం నా ముందు పెట్టి, సంతకం మీదేనా అని అడిగాడు. కాదన్నాను. గొంతు కూడా వణకలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. ఆయన నమ్మలేదు. మీ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, మాస్టారి పెన్షన్ కాగితాల మీది సంతకం తెప్పించి పోల్చి చూస్తాను, పోలీసులకు రాస్తాను అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"మాస్టారి తప్పేం లేదండి. ఆ సంతకం నేనే పెట్టాను. ఆయన్ని పంపించెయ్యండి," అంది.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. అధికారి ఆమె చేత అదే మాట రాయించుకుని నామినేషన్ కొట్టేశాడు. నేను కండువా సర్దుకుని ఆమె ముందునుంచే బయటికి నడిచాను. బయట అప్పుడే పాలేరు భార్యకు దండలు వేస్తున్నారు. నా చేతికీ ఒకటిచ్చారు.

వేశాను.