లెక్క తప్పే బాతు

పిల్లల ముందు ప్యో సాంగిల్ గారు ఒక్క మాటా సరిగ్గా చెప్పరు. కొరియాలోని ఇంచాన్‌లో ఆయన బొమ్మలు తయారుచేసే కంపెనీకి, కొత్త బొమ్మల్ని ఆడి చూడటానికి నర్సరీ పిల్లలు వస్తుంటారు. ఈయన ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని ఎదురెళతారు. ముల్లంగి చేతికిచ్చి, "ఈ క్యారెట్ ఎంత తెల్లగా ఉందో" అంటారు.

"అది ముల్లంగి, తాతా."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మ."

"పాపం, మీ అమ్మ క్యారెట్ ఎప్పుడూ చూడలేదేమో."

ఇక నవ్వులతో గది దద్దరిల్లిపోతుంది.

ఆయన కింద పనిచేసే మ్యోంజూకు ఇదంతా తలనొప్పి. పిల్లలు అరగంటైనా వదలకుండా ఆడే లెక్కల బొమ్మ కావాలన్నారు డైరెక్టర్ కూ గారు. సాంగిల్ గారు చెక్కబాతును చేశారు. పొట్టలో ఐదు గోలీలు వేస్తే "ఏడు" అంటుంది. నెత్తిన సరిగ్గా ఐదు మొట్టికాయలు పడితే గానీ దారికి రాదు.

"తప్పులు చెప్పే బొమ్మను ఏ తల్లి కొంటుందండీ?" అంది మ్యోంజూ.

"తప్పు బాతుది కదమ్మా, పిల్లలది కాదుగా."

డైరెక్టర్ గారు చూడటానికొచ్చిన రోజు పిల్లలంతా బాతు మీద పడ్డారు. బోమి అనే పిల్ల మాత్రం గోడకు అతుక్కుపోయింది. "ఓసారి తప్పు చెబితే అందరూ నవ్వారండీ. అప్పట్నుంచీ నోరు విప్పదు," అంది టీచరు.

సాంగిల్ గారు బాతును బోమి పక్కన పెట్టి మూడు గోలీలు వేశారు. బాతు "తొమ్మిది" అంది. బోమి ఓర్చుకుంది. "తొమ్మిదే," అని ఆయనా తలూపారు. ఇక ఆ పిల్ల వల్ల కాలేదు. బాతుకు మూడు మొట్టికాయలు వేసి, ఆయనకూ మూడు వేసింది.

"మూడు. మీ ఇద్దరికీ లెక్కలు రావు."

ఇంటికి వెళ్లే వేళయినా బాతును వదల్లేదు.

తర్వాత బొమ్మ వివరాలు చెప్పడానికి లేచిన మ్యోంజూ, కంగారులో కూ గారిని పోటీ కంపెనీ యజమాని పేరుతో పిలిచింది. ఆయన మొహం మాడిపోయింది. అంతలో సాంగిల్ గారు లేచి, నడుం వంచి దండం పెట్టి, "మరి ఈ బాతును అమ్మకానికి పెట్టమంటారా, అత్తగారూ?" అన్నారు.

గదంతా నవ్వులే. చివరికి కూ గారు కూడా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, "పెట్టండి, పెట్టండి," అన్నారు. మ్యోంజూ అన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "నాకోసం కావాలనే అన్నారు కదూ?"

"అబ్బే. ఆ కళ్లజోడు చూసి మా అత్తగారే అనుకున్నాను."

"మీకసలు పెళ్లే కాలేదు కదండీ."

సాంగిల్ గారు కాస్త ఆలోచించారు.

"అందుకేనమ్మా, సరిగ్గా పోల్చుకోలేకపోయాను."