ఏడవని అమ్మగారు

ఏడో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయింది. మూడో ఆదివారానికల్లా నేను సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను ఆదరించాడనీ, నా కన్నీళ్లన్నీ ఆగిపోయాయనీ, నాకిప్పుడు ఏ దుఃఖమూ లేదనీ చెప్పాను. రేకుల కప్పు కింద కూర్చున్న ముప్పైమందీ ఒక్క గొంతుతో "స్తోత్రం!" అన్నారు. పచ్చి అబద్ధం. నాకింకా పాలు ఆగలేదు. రవిక లోపల గుడ్డ మడిచి పెట్టుకుని, పైట నిండుగా కప్పుకుని మరీ చెప్పానా మాట.

ఎందుకు చెప్పానంటే, చెప్పాలి కాబట్టి. మమ్మల్ని గుంటూరు వైపు నుంచి కర్ణాటకలోని ఈ పావగడ తాలూకాకు సేవకు పంపిన సంఘానికి మా ఆయన నెలనెలా ప్రార్థన లేఖ రాస్తాడు. పాస్టరు భార్య కుంగిపోయిందని అందులో ఎలా రాస్తాడు? "మనల్ని చూసే కదా వీళ్లు నేర్చుకునేది" అన్నాడు. ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకుని లేచి నిలబడ్డాను. ఆస్పత్రిలో "చూస్తే మరిచిపోలేవు, చూడొద్దు" అని అందరూ అంటే నేను బిడ్డను చూడలేదు. ఆయనే గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పూడ్చి వచ్చాడు. ఆ సాయంత్రం నా మంచం పక్కనే కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఊసే లేదు.

ఇక్కడ మేముండే ఊరు నాగలమడికకు దగ్గర. వేరుశనగ వేసిన చేలన్నీ లీజుకు పోయి, ఇప్పుడు ఎటు చూసినా సోలార్ పలకలే. పొద్దున్నే మా ఆయన బండేసుకుని అరసికెరె అనో హొసకోట అనో వెళ్లిపోతే, మళ్లీ చీకటి పడేదాకా నాతో మాట్లాడే దిక్కుండదు. గోడ మీద బల్లితో మాట్లాడిన మధ్యాహ్నాలున్నాయి, నవ్వకండి.

ఆ మధ్యాహ్నాలకు నాకున్న ఆసరా ఒక్క అవ్వ. సంఘంలోకి కొత్తగా వచ్చిన మనిషి. చేను సోలారుకిచ్చేశాక చేతులు ఊరికే ఉండలేవని, అంగట్లో వేరుశనగ కాయలు కొనుక్కొచ్చి మరీ మా అరుగు మీద కూర్చుని ఒలిచేది. "ఏందమ్మా, ఇది చారా, మీ ఊరి కాలవ నీళ్లా?" అని నా వంటను ఆటపట్టించేది.

మరుసటేడు అవ్వ మొగుడు పోయాడు. ఈ ఊరి ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా శవం పక్కన కూర్చుని, ఆయన మంచీ చెడ్డా చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చింది. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, "అవ్వా, విశ్వాసులు శోకాలు పెట్టకూడదు. నేను ఏడ్చానా, చెప్పు?" అన్నాను. ఠక్కున ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన మెచ్చుకోలుగా నావైపు చూశాడు.

ఆ రోజు నుంచి ఆమె మందిరానికి రాలేదు. మా అరుగు మీదికీ రాలేదు. రెండు నెలలు చూశాను. అలిగిందేమో అనుకున్నాను, తర్వాత నాకే కోపమొచ్చింది, చివరికి ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చున్నదల్లా నన్ను చూసి గబగబా కళ్లు తుడుచుకుంది.

"ఎందుకు రావట్లేదవ్వా?"

"యాడికి వచ్చేదమ్మా? నాకు ఏడుపు నిలబడ్లా. తింటా ఏడుస్తా, కసువు ఊడుస్తా ఏడుస్తా. కడుపులో బిడ్డ పోయినా నువ్వు ఏడవలేదంటివి. నాది ఏం విశ్వాసం? దేవుడు నన్ను ఒప్పుకోడులే."

ఆమె పక్కనే చతికిలబడ్డాను. "అబద్ధమవ్వా. నేను రోజూ ఏడుస్తాను. స్నానాల గదిలో, బకెట్లోకి నీళ్లు వదిలి."

దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. భగ్గుమంది.

"అబద్ధం చెప్పి నన్ను నా మొగునికి ఏడవనీకుండా చేస్తివా? ఆయప్ప మీద మన్నేసేటప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకుంటినే! నా ఒక్కదానికి చెప్తే యాడ సరిపోతాది? అందరి ముందర చెప్పినావు గదా, ఆడనే చెప్పుపో."

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "చెప్తే మన సాక్ష్యం పోతుంది" అన్నాడు.

"పోనివ్వండి. ఉండి మాత్రం ఏం చేసింది? ఒక ముసలమ్మను దేవుడి దగ్గర్నుంచి తరిమింది" అన్నాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

ఆదివారం లేచి నిలబడ్డాను. "ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. నాకు దుఃఖం తీరలేదు. దేవుణ్ని వదల్లేదు కానీ, ఆయన మీద కోపం ఉంది. అవ్వను ఏడవొద్దనడం నా తప్పు" అని కూర్చున్నాను. ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఎలా అంటారు? మా ఆయన బైబిలు పేజీలు కాసేపు తిప్పి, చివరికి ఏదో పాట ఎత్తుకున్నాడు. వెళ్లేటప్పుడు ఎవరూ నా దగ్గరికి రాలేదు. అవ్వయితే ఆ రోజు మందిరానికే రాలేదు. ఎవరి కోసం నోరు విప్పానో ఆ మనిషే లేదు. ఇంతమందిలో నాకెవరూ లేరని ఆ రోజు తెలిసినంతగా ఎన్నడూ తెలియలేదు.

మధ్యాహ్నం అవ్వ వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. అరుగు మీద కూర్చుంది. క్షమించానని అనలేదు, ప్రార్థన చేయమనీ అడగలేదు.

"ఆడబిడ్డేనా?" అంది.

"అవునవ్వా."

"ఎవురి పోలిక?"

రెండేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. "నేను చూడలేదవ్వా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

లోపల భోంచేస్తున్న మా ఆయన ఎంగిలి చేత్తోనే గడప దాకా వచ్చాడు. నావైపు చూడలేదు. అవ్వతోనే అన్నాడు.

"మా ఆవిడ పోలికే అవ్వా. అచ్చం అదే ముక్కు. దారి పొడవునా గుడ్డ తీసి చూసుకుంటూనే వెళ్లాను."