అందించే గొంతు

పాత లాప్‌టాప్‌లో మా అక్క పాట మూడో చరణం దాకా వచ్చి ఆగిపోయేది. తెర బిగుసుకుపోయేది, లోపలి ఫ్యాను మాత్రం రొద పెడుతూ తిరుగుతూనే ఉండేది. అక్క పోయి అప్పటికి పది నెలలు. పోవడానికి రెండు నెలల ముందు గుడివాడలో వాళ్ళింట్లో కూర్చోబెట్టి నేను రికార్డు చేసిన పాట అది. ఫోనులో వీడియోలు లేవా అంటారేమో. ఉన్నాయి. అన్నిట్లోనూ అక్క మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ పక్కకు తప్పుకుంటుంది. ఒక్క మాట ఉండదు. తన గొంతు అంటూ మాకు మిగిలింది ఆ పాట ఒక్కటే.

"ఏడాది జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట పెడదామయ్యా, మీ అమ్మగారు వింటారు," అన్నారు బావగారు. కూడిక దివిసీమలో, మోపిదేవి దాటాక మా ఊళ్ళో, మా అమ్మ వెళ్ళే చర్చిలో. మూడో చరణంలో అక్క గొంతు తెగిపోతే అమ్మ ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది. ఆ ముసలి యంత్రం చచ్చేలోపు పాటను బయటికి తియ్యాలి. కొత్తది కొనక తప్పదు.

నేను బందరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను. అందరికీ కోపం ముక్కు మీద ఉంటుందంటారు, నాకు చెవి మీద ఉంటుంది. పాట మధ్యలో ఎవరైనా దగ్గితే ఆ మనిషిని వారం దాకా క్షమించను. అలాంటివాడిని బావగారితో కలిసి గుడివాడలో కంప్యూటర్ల కొట్టుకి వెళ్తే ఆ కొట్టాయన ఎర్రదీపాలు వెలిగే లాప్‌టాప్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండి సార్, గేములకి దీన్ని మించింది లేదు."

"నేను గేములు ఆడనండీ. పాటలు రికార్డు చేసుకోవాలి."

"పాటలకైతే ఏదైనా సరిపోద్ది సార్."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏదైనా సరిపోయేటట్టయితే నేను పది రోజులు కూర్చుని కాగితం మీద రాసుకురావడమెందుకు? పదహారు జీబీ ర్యామ్ ఉండాలి. పాతదానిలాగా లోపల తిరిగే హార్డ్ డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాను చప్పుడు చెయ్యకూడదు. ఒక్కోదాన్నీ ఆన్ చేయించి, కీబోర్డు మీద చెవి ఆనించి విన్నాను. పక్కన బావగారికి సిగ్గేసింది.

"చెవి పెట్టి వినడమేంటయ్యా, పుచ్చకాయా అది?" అన్నారు. అక్క పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

నాలుగోది నచ్చింది. పాతది ఇచ్చేస్తే ధర తగ్గిస్తానన్నాడు కొట్టాయన. అక్కడే కూర్చుని అక్క పాట ఉన్న ఫోల్డరు కొత్తదాంట్లోకి ఎక్కించాను. పాట మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వచ్చింది. మూడో చరణం దాటినప్పుడు బావగారు నా భుజం మీద చెయ్యి వేశారు. పాతదాంట్లో ఉన్నవన్నీ నా చేత్తోనే పూర్తిగా చెరిపేసి ఇచ్చేశాను.

కొత్తదాన్ని బందరులో మా ఇంట్లో అమర్చడానికి రెండు రోజులు పట్టింది. మైకును లాప్‌టాప్‌కి కలిపే చిన్న పెట్టె పెట్టగానే స్పీకర్లలో జుయ్యిమని ఒకటే మోత. ప్లగ్గులో ఎర్త్ లేదన్నాడు ఎలక్ట్రీషియను. పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ పోసి తీగ దింపాక మోత ఆగింది. ఆ తరువాత ఇంకో తంటా. మైకులో మాట్లాడితే నా మాట హెడ్‌ఫోన్లలోకి కాస్త ఆలస్యంగా వచ్చేది. "హలో" అనగానే ఎవరో నా వెనక నిలబడి "హలో" అన్నట్టుండేది. పట్టపగలు, ఇంట్లో ఎవరూ లేరు, అయినా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అంకె తగ్గిస్తే ఆ ఆలస్యం పోయింది. పోగానే, ఎందుకో చెప్పలేను, మనసు చివుక్కుమంది.

ఇక అక్క పాట పని పట్టుకున్నాను. ఇక్కడ మా చర్చి అలవాటు ఒకటి చెప్పాలి. మా ఊరి సంఘంలో చదువు రానివాళ్ళు సగం మంది. అందుకని పాట నడిపించేవాళ్ళు ప్రతి చరణాన్నీ ముందు మామూలు మాటల్లో గబగబా చెబుతారు, తరువాత అందరూ కలిసి పాడతారు. దాన్ని అందించడం అంటాం. మా అక్క చిన్నప్పుడే, చదువు రాని అమ్మ పక్కన నిలబడి పుస్తకంలో చూసి అందించేది. పెద్దయ్యాక సంఘం మొత్తానికీ తనే అందించింది. ఈ పాటయితే తను సొంతంగా కట్టింది, ఏ పుస్తకంలోనూ లేదు.

రికార్డు చేసిన రోజు అమ్మ గుడివాడలోనే, అదే గదిలో ఉంది. గొంతు కలపనని అమ్మ చేత ముందే ఒట్టు వేయించుకున్నాను. అమ్మ పెదాలు బిగించుకుని కూర్చుంది. అక్క మాత్రం పల్లవికి ముందు అమ్మ వైపు తిరిగి, "తలుపు తీసే ఉంచాను, లోపలికి రావయ్యా" అని మాటల్లో అందించి, ఆ తరువాత పాడింది. ప్రతి చరణానికీ అలాగే చేసింది.

"అక్కా, ఇది రికార్డింగు, చర్చి కాదు. అందించకు."

"అమ్మ ఉంది గదరా ఇక్కడ," అంది.

సరే, తరువాత కోసేయవచ్చులే అనుకున్నాను. ఇప్పుడు కొత్త లాప్‌టాప్ మీద అదే చేశాను. అక్క మాట్లాడిన చోటల్లా గుర్తు పెట్టుకుని, ఒక్కొక్క ముక్కా కోసి పారేశాను. పనిలో పడ్డానేమో, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నొక్కిన మీట నొక్కినట్టే పలుకుతోంది, ఎక్కడా బిగుసుకుపోవడం లేదు. మాటలున్న చోట, విడిగా రికార్డయిన నా కీబోర్డు సుతి మాత్రం మిగిల్చాను. అంతా కలిపి ఒకే ఫైలు చేశాక, వాడని ముక్కలు చెరిపేయమంటారా, చెరిపితే మళ్ళీ రావు అని సాఫ్ట్‌వేర్ అడిగింది. శుభ్రం అంటే ప్రాణం నాకు. చెరిపేయమన్నాను.

ఆ ఆదివారం బావగారు బందరు వచ్చారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నారు. సగంలో కళ్ళు తెరిచారు.

"మాటలేవయ్యా?"

"ఏ మాటలండీ?"

"మధ్యమధ్యలో తను చెప్పేది గదా. పాట చర్చిలో అందరూ విన్నదే. నాతో మాట్లాడే గొంతు అది. నేను దానికోసం వచ్చాను."

ఆయన చెప్పాక గానీ నాకు తెలియలేదు. పాడే గొంతు సంఘానిది. "ఒరేయ్, అన్నం తిన్నావా" అని నన్నడిగిన గొంతు ఆ అందించే మాటల్లో ఉంది. ఆ గొంతును చప్పుడనుకుని నేను తీసి పారేశాను.

మర్నాడే గుడివాడ పరుగెత్తాను. పాత లాప్‌టాప్ ఎవరో కొనుక్కుని వెళ్ళిపోయారట, ఎవరో తెలియదట. కొత్తదాన్ని చూసి కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. "పాత డిస్కులైతే చెరిపినా అడుగున కొంత దొరుకుద్ది సార్. ఎస్‌ఎస్‌డీలో చెరిపితే వెంటనే ఊడ్చేసుద్ది. ఏం మిగలదు." వెతికే సాఫ్ట్‌వేర్లు మూడు తెచ్చి నడిపించాను. ఏమీ దొరకలేదు. ఆ తరువాత పాట ఎప్పుడు పెట్టినా నాకు పాడిన చరణాలు వినపడేవి కావు. కోసిన చోట్లే వినపడేవి. సుతి ఒక్కటే మోగే ఆ రెండేసి క్షణాల్లో అక్క నోరు తెరిచి ఏదో అంటున్నట్టూ, నేనే చెవులు మూసుకున్నట్టూ ఉండేది.

అమ్మకి చెప్పలేదు. ఎలా చెప్పను?

కూడిక రోజు ఉదయం పది గంటలకే చర్చి నిండింది. అమ్మ ముందు వరసలో, స్పీకర్‌కి ఎదురుగా కూర్చుంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక నేను పాట పెట్టాను. పల్లవి వచ్చే ముందు సుతి మోగింది. ఆ సుతిలో మాటలు లేవు. ఆపైన అక్క గొంతెత్తి పల్లవి పాడింది. ఒక్కరూ గొంతు కలపలేదు. అందించకుండా పాడటం వాళ్ళకి తెలియదు. మొదటి చరణానికి ముందు మళ్ళీ సుతి. అందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. అమ్మ నా వైపు తిరిగింది.

"అందించట్లేదేంటిరా అక్క?"

పాట ఆపేశాను. నాకు మాటలు వస్తే నేనే అందించేవాణ్ణి. ఇన్నేళ్ళు వాయించాను గానీ ఏ పాటకీ మాటలు నేర్చుకున్న పాపాన పోలేదు.

"నేనే కోసేశానమ్మా," అన్నాను. "మళ్ళీ రావు."

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. అమ్మ చీర చెంగు భుజం మీదకు లాక్కుని కుర్చీలో ముందుకు జరిగింది.

"సరే, పెట్టు. నేను చెప్తాను."

పెట్టాను. సుతి మోగగానే అమ్మ మొదలుపెట్టింది. "నడిచొచ్చిన కాళ్ళకు..." అమ్మకి ఎనభై దాటాయి, మాట నెమ్మది. రెండు మాటలు పూర్తయ్యేసరికే స్పీకర్‌లో అక్క పాట అందుకుంది.

"ఉండవే," అంది అమ్మ స్పీకర్‌తో. "చెప్పనీ నన్ను."

నేను స్పేస్ మీట నొక్కాను. అక్క ఆగింది. అమ్మ చరణం మొత్తం, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. చరణం మొదటికి జరిపి మళ్ళీ మీట నొక్కాను. అక్క పాడింది, వెనక సంఘం మొత్తం పాడింది. నాలుగు చరణాలూ అలాగే సాగాయి. అమ్మ చెప్పేదాకా అక్కను ఆపుతూ, చెప్పగానే వదులుతూ కూర్చున్నాను. కళ్ళు మసకలై తెర కనపడలేదు, వేలితో తడుముకుంటూ నొక్కాను.

నాలుగో చరణం అయిపోయింది. మా దగ్గర చివర్లో పల్లవి మళ్ళీ పాడతారు. ఆ రోజు గుడివాడలో అక్కకి ఊపిరి అందలేదు. చివరి పల్లవి నువ్వు మళ్ళీ వచ్చినప్పుడు పాడతాలేరా అని లేచి వెళ్ళి పడుకుంది. ఆ సంగతి అమ్మ మర్చిపోయింది.

"తలుపు తీసే ఉంచాను, లోపలికి రావయ్యా," అని అందించి ఆగింది.

సంఘం కూడా ఆగింది. ముందు అక్క అందుకుంటుందని అందరూ చూస్తున్నారు. ఫైలులో ఇంకేమీ లేదు. నేను మీట మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అమ్మ స్పీకర్ వైపే చూస్తోంది.