సగానికి తగ్గించిన కొమ్ముకోనాం

కాశీబుగ్గ బస్టాండు వెనకాల ఢిల్లీబాబు స్టూడియోకి వెళ్ళినవాడెవడూ తన ముఖంతో తిరిగి రాలేదు. నల్లనివాడు తెల్లబడి వచ్చాడు, బట్టతలవాడు క్రాపు దువ్వుకుంటూ వచ్చాడు. ఒక పెళ్ళికూతురి ఆల్బం చూసి, కన్నతల్లే "ఈ పిల్లెవులో గానీ లచ్చనంగుంది" అని మెచ్చుకుందని పలాస నుంచి సోంపేట దాకా చెప్పుకుంటారు. చెప్పుకునేలా చేసింది ఢిల్లీబాబే.

పదో తరగతి పరీక్షకి అతన్ని రెండుసార్లు చూసే భాగ్యం దక్కింది. మూడోసారి అతనే దక్కనివ్వలేదు. తాతా తండ్రీ ఉద్దానం తీరంలో వల పట్టినవాళ్ళు. ఇతనికి మాత్రం పడవను ఒడ్డున చూస్తేనే కడుపులో కెరటాలు లేచేవి. అందుకని వల వదిలేసి కెమెరా పట్టాడు.

తన విద్యను పల్లెవాళ్ళకి వాళ్ళ మాటల్లోనే విప్పి చెప్పేవాడు. "పిక్సెలంటే ఏటనుకున్నావు మావా? వలకన్ను. కన్ను సన్నంగుంటే మెత్తళ్ళంత సిన్న సేపలు కూడా దొరుకుతాయి, పెద్దదైతే జారిపోతాయి. నీ పాత ఫోనుకి కన్ను పెద్దది. అందుకే నీ మీసం జారిపోనాది." అగ్గిపెట్టెంత ఫొటో తెచ్చి గోడంత చెయ్యమంటే, "వల సాగదీత్తే కన్నులు సాగుతాయి గానీ సేపలు పెరగవు" అనేవాడు. అంటూనే పెంచేవాడు.

అలా పెంచే తన పరువు తీసుకున్నాడు. పల్లెలో బైరాగి అని ఒక జాలరి ఉన్నాడు. కోతలు కొయ్యడంలో ఢిల్లీబాబుకి సరిజోడు. అతను పట్టిన కవ్వలు చేప, నిజానికి అరచేతిలో పట్టేది, ఢిల్లీబాబు చేతిలో పడి సొరచేపంత అయింది. కాని చేపతోపాటు దాన్ని పట్టుకున్న వేళ్ళు కూడా పెరిగాయి. మునక్కాయల్లాంటి ఆ వేళ్ళు ప్రతి ఫోనులోనూ తిరిగాయి. అప్పట్నుంచి ఢిల్లీబాబు ఏ ఫొటో చూపించినా పల్లెవాళ్ళు ముందు వేళ్ళు చూసేవారు.

ఇక అసలు సంగతి. ఢిల్లీబాబుకి మేనమామ నీలకంఠం. నీలకంఠానికి కూతురు ప్రమోదిని. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని ఆ తీరంలో ఎండ్రకాయలకి కూడా తెలుసు. అయితే నీలకంఠం ఇంట ఒక ఆనవాయితీ ఉంది. అల్లుడయ్యేవాడు సముద్రంలో తన చేత్తో పట్టిన చేపతో గడప తొక్కాలి.

"ఉప్పునీళ్ళు తాగనోడికి పిల్లనివ్వను. వొచ్చే పున్నమికి కంచిలి సమ్మందమోళ్ళు తాంబూలాలు పట్టుకొస్తన్నారు. ఆలోగా సేపైనా తే, ఆశైనా వొదులుకో" అని మామ తేల్చేశాడు.

మర్నాటి వేకువనే ఢిల్లీబాబు బైరాగి ఫైబరు పడవెక్కాడు. తీరం కనుమరుగు కాకముందే సముద్రానికి చద్దన్నం సమర్పించుకున్నాడు. నిలబడలేనివాడు వల ఏం లాగుతాడు? బైరాగి గేలపుతాడు అతని మణికట్టుకి చుట్టి, పడవ అడుగున పడుకోబెట్టాడు. కాసేపటికి చెయ్యి ఊడిపోయినంత కుదుపు. ప్రాణభయంతో ఢిల్లీబాబు పడవ అంచుకి కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. ఆ లాగుడులో నీళ్ళు చీల్చుకుని లేచింది కొమ్ముకోనాం చేప. ముక్కు బల్లెం, వీపు మీద తెరచాప. దాని పొడవుకి సూర్యుడే కాస్త పక్కకి జరిగాడని బైరాగి అంటాడు. అది వదిలేసినా, ఆ చేప ఢిల్లీబాబుకంటే జానెడు పొడుగన్నది మాత్రం నిజం.

ఉత్తరపు గాలికి పడవ దక్షిణాన భావనపాడులో తేలింది. ఎండ మండుతోంది, ఐసు లేదు. బైరాగి అక్కడే చేపను వేలంపాటలో పెట్టేశాడు. చూస్తుండగానే ముక్కలై పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. ఢిల్లీబాబు చింతపడలేదు. ఇసుకలో దాని పక్కన పడుకుని అప్పటికే ఫొటో తీయించుకున్నాడు. ఫొటోవాడికి అంతకంటే ఏం కావాలి? "సేపైతే కుళ్ళుతాది బావా, ఫొటో కుళ్ళదు" అన్నాడు బైరాగితో.

నీలకంఠం పెరట్లో వల అల్లుతున్నాడు. ఢిల్లీబాబు చాపిన ఫోనులో ఫొటో చూసి, దూరం పెట్టి చూసి, మళ్ళీ అల్లికలో పడిపోయాడు.

"ఇది ఏ యాప్‌లో పట్టినావురా?"

"మావా, సముద్రంలోనే! నీడ సూడు. సేప నీడా నా ముక్కు నీడా ఒకే పక్కన పడ్డాయి. అతికించిందైతే నీడలు తగువులాడుకుంటాయి. ఫొటో కడుపులో తేదీ, టైమూ కూడా ఉన్నాయి, తీసి సూపిత్తాను."

"అబద్దమాడేవోడికే ఇన్ని సాచ్చికాలు కావాల."

"బైరాగిని అడుగు."

"ఆడా సాచ్చికం! నిన్ను నమ్మితే ఒక్కసారి మునుగుతాను. ఆడిని కూడా నమ్మితే తేలను."

"పోనీ భావనపాడోళ్ళని అడుగు."

"ఆడి అత్తోరి ఊరే అది."

ప్రమోదిని తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుని, వేళ్ళతో సాగదీసి చూసింది. "ఈసారి ఏళ్ళు బాగానే ఉన్నాయి నానా" అంది.

"ఏళ్ళు దిద్దడం నేర్సుకున్నాడు" అన్నాడు నీలకంఠం.

వీధి మలుపు దాకా సాగనంపడానికి వచ్చి ప్రమోదిని గొంతు తగ్గించింది. "నిజంగా పట్టినావా బావా?"

"నీ మీదొట్టు."

"అయితే సేపని సగం సెయ్యి. మా నాన్నకి అంత నిజం అరగదు."

ఢిల్లీబాబు స్టూడియోకి వచ్చి ఫొటోని తెర మీదికి ఎక్కించాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చెయ్యి పెట్టని ఫొటో అదొక్కటే. ఊళ్ళోవాళ్ళందరి చేపలూ పెంచినవాడు తన చేపనే తగ్గించుకోవాలి. చేప చుట్టూ గీత గీశాడు. పక్కకి తీశాడు. సగానికి కుదించాడు. ఖాళీ పడ్డ చోట పక్కనున్న ఇసుకే తెచ్చి కప్పాడు. నీడనూ చేపకి తగ్గట్టు కురచ చేశాడు. బల్లెం లాంటి ముక్కు కొబ్బరీనె అయింది. వెండి మెరుపు మరీ బాగుందని మసక చేశాడు. చేయి వణికితే వచ్చేలాంటి అదురు కూడా కాస్త అద్దాడు. అతని చేతుల్లో అంత శుభ్రమైన పని అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. దాన్ని ఎవరికీ చెప్పుకోడానికి లేదు, అదీ బాధ.

మర్నాడు వెళ్ళి మామ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. "తప్పైపోనాది మావా. నిన్నటిది పెంచిందే. ఇదే అసలుది."

నీలకంఠం కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మసకని చూశాడు, అదురుని చూశాడు, కొబ్బరీనెని చూశాడు. ముఖం విప్పారింది.

"అదీ! ఇప్పుడు సముద్రంలో సేపలా ఉంది. ఒరే, పుట్టిన కాడ్నించి నువ్వు సెప్పిన మొదటి నిజం ఇదేరా. సేప తేకపోనావు గానీ నిజం తెచ్చినావు, సాలు. కంచిలోళ్ళకి రావొద్దని నాను కబురెడతాను."

తలుపు వెనక ప్రమోదిని నోట్లో చీర కొంగు కుక్కుకుంది. చెయ్యని తప్పు ఒప్పుకుని ఢిల్లీబాబు అల్లుడయ్యాడు.

పెళ్ళి పందిట్లో నీలకంఠం కొత్త చుట్టాలకి చేప కథ మొదలుపెట్టాడు. టిఫిన్ల వేళకి ఆ చేప అతని మోచెయ్యంత ఉంది. భోజనాల వేళకి రెండు చేతులూ చాచాడు. అప్పగింతల వేళకి చేతులు చాలక పక్కవాణ్ణి జరగమన్నాడు. బైరాగి ఒక మూల కూర్చుని, ఈ విద్యలో తనకింకా నేర్చుకోవలసింది ఉందని తల ఊపాడు.

వారం తిరక్కుండా మామ స్టూడియోకి వచ్చాడు. "అల్లుడూ, ఇంట్లో గోడకి ఆ సేప ఫొటో కట్టాల. మరీ సిన్నగుంది, నాను సెప్పినదానికి తగ్గట్టు కొంచెం పెంచు."

ఢిల్లీబాబు గుండె ఎగిరి గంతేసింది. అసలు ఫొటో తీసి తెర నిండా పెట్టాడు. చెయ్యి పెట్టనిది, తనకంటే జానెడు పొడుగుది, వెండి మెరుపుది.

నీలకంఠం కళ్ళజోడు సర్దుకున్నాడు. "కొంచెం పెంచమన్నాను గానీ ఇలగేటి? ఇదెవుడు నమ్ముతాడు? నా పరువు పోతాది. తగ్గించు, తగ్గించు."

ఢిల్లీబాబు తగ్గించసాగాడు. మామ పక్కన నిలబడి రెండు చేతులూ చాచి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, ఆపు!" అన్నాడు.

ఇప్పుడు ఆ ఇంటి గోడ మీదున్న కొమ్ముకోనాం సరిగ్గా నీలకంఠం చేతులు చాచినంత ఉంటుంది. వచ్చినవాళ్ళు ఇప్పటికీ ముందు అందులో వేళ్ళే చూస్తారు.