ఖైరున్నీసా ఆపిన మిషన్

మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీలో రాతి పలకల అంచులు నున్నగా తీయడం ఖైరున్నీసా పని. భర్త పోయిన దగ్గర్నుంచీ అదే బతుకు. నీళ్లు పెట్టకుండా గ్రైండర్ ఆడిస్తే రాతిపిండి పొగలా లేచేది. కొంగు ముక్కుకు చుట్టుకుని చేసేది. దగ్గులో నెత్తురు పడ్డాకే గుంటూరు ఆసుపత్రికి వెళ్లింది.

స్కాన్ చూసిన డాక్టరమ్మ ఆమె తమ్ముడు మాబు సాహెబ్‌ను ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. ఖైరున్నీసా తలుపు తోసుకుని వెనకే వచ్చేసింది.

"జబ్బు నాదండీ. చెప్పేదేదో నాకే చెప్పండి."

డాక్టరమ్మ దాచలేదు. ఊపిరితిత్తిలో క్యాన్సర్. వెన్నెముకకూ పాకింది. రాతి దుమ్మూ కారణం కావచ్చు.

"గడ్డకు రేడియేషన్ ఇద్దాం, మీరు కరెంటు పెట్టడం అంటారే, అది. దానితోపాటు ఇమ్యునోథెరపీ మందు నరంలోకి ఎక్కిస్తాం. మీ ఒంట్లో జబ్బులతో పోరాడే కణాలుంటాయి. క్యాన్సర్ వాటిని ఏమార్చింది. ఈ మందు వాటిని మళ్లీ పోరుకు లేపుతుంది. కరెంటుతో గడ్డ చితికితే శత్రువెవరో వాటికి ఇంకా బాగా తెలియొచ్చు. అందరికీ పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేనమ్మా."

మాబు సాహెబ్ కళ్లు తుడుచుకున్నాడు. "కరెంటు పెడితే మనిషి మాడిపోద్దంటక్కా. ఇంటికి పోదాం పద."

"నువ్వు పోరా. నేనుంటా."

నరకమే చూసింది. గంజి కూడా గొంతు దిగేది కాదు. ఊపిరితిత్తి వాచి ఆయాసం వస్తే కొన్నాళ్లు మందు ఆపి, తగ్గాక మళ్లీ మొదలెట్టారు. వీధిలోవాళ్లు కడసారి చూపుకన్నట్టు బత్తాయిలు పట్టుకొచ్చి కూర్చునేవారు.

"చూశారుగా, ఇక లేవండి. నేను పోయాక వద్దురుగాని. అప్పుడు ఎంతసేపు ఏడ్చినా అడ్డుచెప్పను."

తర్వాతి స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. వెన్నులోదీ చిన్నదైంది. "పోలేదు, తగ్గింది. మందు ఆపకూడదు," అంది డాక్టరమ్మ.

కాస్త ఓపిక రాగానే ఖైరున్నీసా ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆమె చోట తోటి కూలీ కోటేశ్వరి దుమ్ములో మునిగి పలక అరగదీస్తోంది. ఖైరున్నీసా నేరుగా వెళ్లి స్విచ్ కట్టేసింది.

మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "పనిలో లేవుగా, నీకేంటమ్మా సంబంధం?"

"నా ఊపిరి ఇక్కడే పోయిందయ్యా, అదీ సంబంధం. నీళ్ల పైపు పెట్టిందాకా ఈ మిషన్ తిరగనియ్యను."

"పక్కకు జరుగు!"

ఆమె జరగలేదు. కోటేశ్వరి గ్రైండర్ కింద పెట్టి వచ్చి ఆమె పక్కన నిలబడింది. మిగతా ఆడవాళ్లూ ఒక్కొక్కరే లేచారు. సాయంత్రానికి ప్లంబర్ వచ్చాడు.

ఖైరున్నీసా ఇప్పటికీ మందుకు గుంటూరు వెళ్తోంది. ఎలా ఉందని బస్సులో ఎవరన్నా అడిగితే, "గడ్డ లోపలే ఉంది. నేనూ ఉన్నా," అంటుంది.